రోజుకు పది మంత్రాలు

ఆ సోమవారం పొద్దున చెన్నప్ప అనుకున్న పని చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా ఆంజి జిరాక్స్ అంగడికి పోవాలి, ఇంగ్లీషులో ఒక పేజీ అర్జీ టైపు చేయించాలి, బస్సెక్కి అనంతపురం పోయి జిల్లా ఆఫీసులో ఇచ్చి, పొద్దు గూకేలోపల ఇంటికి రావాలి. వాన పడలేదు కాబట్టి చేన్లో పని లేదు. చెలిమపల్లిలో జూన్ నెల అంటే రైతులంతా మెడలు ఎత్తి మబ్బు కోసం చూసే నెల. కిందికి చూసి చేసే పనులేవైనా ఉంటే అప్పుడే చేసుకోవాలి.

అర్జీ మల్లీశ్వరి టీచరు కోసం. లేపాక్షి పక్క ఊరు ఆమెది. మూడేళ్ల కిందట చెలిమపల్లి బడిలో ఇంగ్లీషు చెప్పడానికి వచ్చి, ఊళ్లోనే బయమ్మ ఇంట్లో ఒక గది బాడుగకు తీసుకుంది. ఆమె రాకముందు ఆ ఊరి పిల్లలకు పదో తరగతిలో ఇంగ్లీషు తప్పడం అమ్మవారు పోసినంత మామూలు. ఒక్కొక్కరికి ఒకసారి వచ్చిపోయేది. చెన్నప్పకు మూడుసార్లు వచ్చింది. ఆమె వచ్చిన తర్వాత రెండేళ్లుగా ఒక్కరూ తప్పలేదు. ఇప్పుడు బడిలో పిల్లల సంఖ్య చాలదని ఆ పోస్టును ఇంకో మండలానికి మార్చేశారు. శనివారంలోగా ఆమె ఇక్కడి నుంచి వెళ్లిపోవాలి. తల్లిదండ్రుల కమిటీకి చెన్నప్ప అధ్యక్షుడు కావడంతో ఊరంతా వచ్చి ఆయన వాకిట్లో కూర్చుంది.

"తెలుగులో రాస్తే పోలేదా?" అని అడిగింది చిన్నక్క, ఆయన చొక్కా వేసుకుంటుంటే. చిన్నక్క చెన్నప్ప భార్య. బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది ఆమే.

"తెలుగులో రాస్తే ఏమంటారు? ఇంగ్లీషు టీచరు కావల్లని తెలుగులో అడుగుతాండారు, ఇంగ ఆయమ్మ మూడేండ్లు ఏం నేర్పినట్లు అంటారు."

"అట్లయితే రాసినాక ఒకసారి ఆ మేడంకే చూపించు."

"ఆయమ్మకు తెలిస్తే ఆయమ్మే రాయించుకునిందంటారు. ఇది గుట్టుగా జరగల్ల. నీకు ఇయ్యన్నీ తెలీవులే," అన్నాడు చెన్నప్ప. చిన్నక్క బడికి పోయింది, పప్పు కడగడానికి.

ఆంజి అంగడిలో ఒక కంప్యూటరు, ఒక జిరాక్స్ మిషను, ఊళ్లో ఎవరికీ లేని ధైర్యం ఉన్నాయి. ఇంగ్లీషు తెలియకపోయినా ఇంగ్లీషులో ఏ కాగితమైనా తయారు చేసేవాడు. పోయిన ఏడాది రేషన్ డీలరు మీద పెట్టిన ఇంగ్లీషు అర్జీ ఒకటి కంప్యూటర్లో ఉంటే దాన్ని తెరిచి, పైన ఊరి పేరు, కింద "వెంటనే కఠినమైన చర్య తీసుకోగలరు" అన్న వాక్యం ఉంచి, నడుమ ఉన్నదంతా తుడిచేశాడు.

"చెప్పన్నా, నడుమ ఏం రాయల్ల?"

చెన్నప్ప రాత్రంతా ఆలోచించుకుని వచ్చాడు. "మా పిల్లోళ్లను మంత్రముగ్ధుల్ని చేసింది అని రాయి." ఏ సభ జరిగినా మరుసటి రోజు పేపర్లో ఆ మాట ఉండేది. దానికంటే పెద్ద మెప్పు ఆయనకు తెలియదు.

ఆంజి ఫోన్లో అడిగాడు. ఫోను ఒక్క మాట అడిగితే ఐదు మాటలు చెప్పింది. బివిచ్, ఎన్‌చాంట్, ఛార్మ్, స్పెల్‌బౌండ్, ఫాసినేట్.

"ఇన్నుండాయి కదన్నా. ఏది వేయల్ల?"

"వాటికి తేడా ఏముండాది?"

"ఏముంటాది? చెనిక్కాయ అన్నా, బుడ్డ అన్నా, పల్లీ అన్నా ఒకటే కదా. ఇదీ అట్లే."

చెన్నప్ప గడ్డం గోక్కున్నాడు. "అయితే అన్నీ వేయి. ఒకటే మాట మల్లా మల్లా రాస్తే ఈళ్లకు అదొకటే వచ్చనుకుంటారు. మాట మాటకూ మార్చి రాయల్ల. సదివిన ఆఫీసరు, చెలిమపల్లిలో ఇంత ఇంగ్లీషు ఉండాదా అనుకోవల్ల."

ఫోను మొదట చెప్పిన మాటను మొదటి వాక్యంలో పెట్టారు. షీ హాజ్ బివిచ్డ్ అవర్ చిల్డ్రన్. మిగిలిన నాలుగింటినీ తలా ఒక వాక్యంలో సర్దారు. తర్వాత చెన్నప్ప, టీచరమ్మ తెల్లారుజామునే పిల్లలను కూర్చోబెట్టి రోజుకు పది స్పెల్లింగులు నేర్పుతుందన్న సంగతి కూడా ఉండాలన్నాడు. ఆంజి టెన్ స్పెల్లింగ్స్ అని కొట్టి, మళ్లీ ఆగాడు.

"ఇంగ్ అని వస్తే ఇంగా జరుగుతాండే పని అని అర్థమన్నా. గోయింగ్ అంటే పోతాండాడు. కమింగ్ అంటే వస్తాండాడు. ఈయమ్మ నేర్పేసింది కదా, అయిపోయిన పని. ఇంగ్ తీసేయల్ల."

"తీసెయ్. తప్పుల్లేకుండా ఉండల్ల," అన్నాడు చెన్నప్ప.

అలా అది టెన్ స్పెల్స్ పర్ డే అయింది. చివరికి, ఆమెకు అన్ని అర్హతలూ ఉన్నాయని రాయబోతే అర్హతలు అన్న మాటకు ఫోను చెప్పిన ఇంగ్లీషు మరీ పొడుగ్గా ఉండి వాక్యం రెండో లైనులోకి జారింది. ఆంజి దాన్ని కత్తిరించి, మిగిలినదానికి చుక్క పెట్టాడు. షీ ఈజ్ ఫుల్లీ పొజెస్డ్. పేజీ నిండింది. బదిలీ ఆపమనే మాటకు చోటు లేకపోయినా, కింద ఉన్న కఠినమైన చర్య అంటే అదే కదా అనుకున్నారు. చెన్నప్ప కింద సంతకం చేసి, కమిటీ ముద్ర కొట్టి, అర్జీని చొక్కా లోపల పెట్టుకుని బస్సెక్కాడు.

జిల్లా ఆఫీసు కౌంటరులో రెండు పెట్టెలు ఉన్నాయి. ఒకదాని మీద వినతులు అనీ, ఇంకోదాని మీద ఫిర్యాదులు అనీ రాసి ఉంది. గుమాస్తా అర్జీని అందుకుని ఎడమ పెట్టె వైపు చేయి చాచినవాడు, మొదటి లైను చూసి చేయి వెనక్కి తీసుకున్నాడు. మా పిల్లలకు ఈమె చేతబడి చేసింది అని ఉంది. ఇంకా కిందికి చదివాడు. రోజుకు పది మంత్రాలు నేర్పుతోందని ఉంది. ఆమెకు పూర్తిగా పూనకం పట్టిందని ఉంది. కళ్లజోడు తీసి చెన్నప్ప ముఖం చూశాడు.

"ఇదంతా మీరు కళ్లారా చూశారా?"

"మూడేండ్లుగా చూస్తానే ఉండా సార్."

"ఎంతమంది పిల్లల మీద?"

"అందరి మీదా సార్. డెబ్బై ఒక్కరు. ఒక్కరిని గూడా వదల్లేదు."

గుమాస్తా ఆ కాగితాన్ని కుడి పెట్టెలో కూడా వేయలేదు. లేచి, చేత్తో పట్టుకుని లోపలి గదికి నడిచాడు. తన అర్జీకి జరిగిన ఈ మర్యాద చూసి చెన్నప్ప కళ్లు చెమర్చాయి.

బుధవారం మధ్యాహ్నం హెడ్మాస్టరు ఇమ్మానుయేల్‌కు జిల్లా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. మల్లీశ్వరి టీచరు విషయమై విచారణాధికారి జయరాం రేపు పదకొండింటికి వస్తారు, విషయం రహస్యం, ఊరివాళ్లను అందుబాటులో ఉంచండి, అంతే. ఇమ్మానుయేల్ ముప్పై మూడేళ్ల సర్వీసులో పై నుంచి వచ్చిన ప్రతి కాగితాన్నీ మొదటి అక్షరం నుంచి చివరి చుక్క వరకు చదివిన మనిషి. చదవడానికి కాగితమే లేని ఆజ్ఞ వచ్చేసరికి ఆయనకు చెమటలు పట్టాయి. "ఏదో విచారణ అంటమ్మా, నువ్వేం భయపడొద్దు," అని మల్లీశ్వరికి చెప్పాడు. ఆయన చెప్పిన తీరుకే ఆమెకు భయం వేసింది.

చెన్నప్పకు మాత్రం అంతా అర్థమైపోయింది. అర్జీ పారింది. మూడో రోజుకే ఆఫీసరు బయల్దేరి వస్తున్నాడు. ఆ సాయంత్రం ఊరివాళ్లను రచ్చకట్ట దగ్గర కూర్చోబెట్టి చెప్పాడు. "రేపు ఆయప్ప ఏమడిగినా ఎవురూ బెదరొద్దు. టీచరమ్మ మన పిల్లోళ్లకు ఏం చేసిందో ఉన్నదున్నట్లు చెప్పండి. తక్కువ చేసి మాత్రం చెప్పొద్దు. కారం రవ్వంత ఎక్కువైనా ఏం గాదు."

విచారణాధికారి జయరాం సన్నగా, పొడుగ్గా ఉండే, ప్రతి మాటా రాసుకునే మనిషి. చేతబడులు ఆయన నమ్మడు. కానీ నమ్మకపోవడం వేరు, రాసి వచ్చినదాన్ని అడగకపోవడం వేరు అని ఆయన అభిప్రాయం. హెడ్మాస్టరునూ, టీచరునూ ఆఫీసు గదిలో కూర్చోమని, తాను ఎనిమిది, తొమ్మిది తరగతులు కూర్చునే గదిలో కుర్చీ వేయించుకున్నాడు. పిల్లలను ఆ పూటకు ఆటలకు వదిలారు. మొదట బయమ్మను పిలిచాడు.

"టీచరు మీ ఇంట్లోనే ఉంటుంది కదమ్మా. మీ పిల్లల్లో ఏమైనా మార్పు కనబడిందా?"

"శానా కనపడింది సార్. మా మనవడు మునుపు గొర్రెలెంట పోతే పొద్దు గూకినా ఇంటికొచ్చేవాడు గాదు. ఇప్పుడు ఆయమ్మ గది ముందర నుంచి లేయడు. పిలిచినా పలకడు. అన్నం పెడితే తినేది మరిచిపోతాడు. నిద్దట్లో గూడా ఏందో గొణుగుతాంటాడు."

"ఏమని గొణుగుతాడు?"

"ఏమో సార్, అది మన మనుషుల భాష గాదు."

జయరాం పెన్ను ఒక క్షణం ఆగింది. "తెల్లారుజామున పిల్లలను పోగు చేస్తుందని రాశారు."

"ఐదింటికే లేస్తాది సార్. అందర్నీ గుండ్రంగా కూచోబెడతాది. నడుమ తాను కూచుని ఒక్కో మాటా పది సార్లు అనిపిస్తాది. నేను గూడా మంచం మీద నుంచి అంటాంటా. నా మోకాళ్ల నొప్పులు గూడా తగ్గినట్లుండాయి."

రెండో మనిషి బయ్యన్న. పామిడి వ్యాపారులకు నైటీలు కుట్టిచ్చే టైలరు. టీచరమ్మ పాఠాలకు తాను చేసిన సాయం ఆఫీసరుకు తెలియాలని ఆయన ఒక గుడ్డబొమ్మను చంకన పెట్టుకుని వచ్చాడు. అది శరీర భాగాల పేర్లు నేర్పే బొమ్మ. ఏ భాగం పేరు ఆ భాగం దగ్గర చీటీ మీద రాసి గుండుసూదితో గుచ్చేవాళ్లు. జూన్ నెల గాలికి దారిలోనే చీటీలన్నీ ఎగిరిపోయాయి. సూదులు మాత్రం ఉన్నాయి.

"ఈ బొమ్మకు గుడ్డ నేనే ఇచ్చినా సార్," అన్నాడు బయ్యన్న, దాన్ని జయరాం ముందు బల్ల మీద పెడుతూ. "కుట్టింది గూడా నేనే. సూదులు మేడం గుచ్చింది."

జయరాం కుర్చీ నాలుగు అంగుళాలు వెనక్కి జరిగింది. "కంటికి కూడా గుచ్చిందా?"

"రెండు కండ్లకూ గుచ్చింది సార్. ముక్కుకు, చెవులకు, మోకాళ్లకు. అదో, ఆడ గుండెకు."

"గుండెకు ఎందుకు?"

"అట్ల గుచ్చితేనే పిల్లోళ్లకు బాగా పట్టుకుంటాది సార్. జన్మలో వదలదు."

ఆ తర్వాత వచ్చిన పదకొండు మందీ కారం తగ్గించలేదు. ఒకామె తన కూతురు మునుపు తల్లి మాట వినేదనీ ఇప్పుడు టీచరమ్మ మాట తప్ప వినదనీ చెప్పి, సంతోషంతో కొంగు కళ్లకు అద్దుకుంది. జయరాం అది దుఃఖమని రాసుకున్నాడు. చివరికి చెన్నప్ప వచ్చి, కుర్చీ ఉన్నా నిలబడ్డాడు.

"ఈ అర్జీ ఇచ్చింది మీరేనా?"

"నేనే సార్. ప్రతి మాటా నాదే."

"ఇందులో రాసినదంతా నిజమేనా?"

"ఇంగా తక్కువే రాసినా సార్. పేజీ చాల్లేదు."

"చర్య కూడా వెంటనే కావాలన్నారు."

"శనివారం లోపల తీసుకోండి సార్. అది దాటితే ఏం చేసినా లాభం లేదు."

జయరాం బొమ్మ వైపు ఒకసారి చూసి, తప్పకుండా శనివారం లోపలే తీసుకుంటామన్నాడు. చెన్నప్ప రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆ తర్వాత నియమం ప్రకారం ఆరోపణను టీచరు ముఖానే చదివి వినిపించాలి కాబట్టి, మల్లీశ్వరినీ హెడ్మాస్టరునూ పిలిపించాడు. ఊరివాళ్లు కిటికీల దగ్గర, గడపలో గుమిగూడారు. టీచరమ్మను ఇక్కడే ఉంచుతున్నామని ఆఫీసరు చెబుతాడని, ఒకరిద్దరు చప్పట్లు కొట్టడానికి చేతులు కూడా సిద్ధం చేసుకున్నారు.

జయరాం లేచి నిలబడి, కాగితంలోని ఇంగ్లీషును తెలుగు చేస్తూ చదివాడు. "చెలిమపల్లి తల్లిదండ్రుల కమిటీ అధ్యక్షుడు చెన్నప్ప చేసిన ఫిర్యాదు. ఇక్కడి టీచరు మల్లీశ్వరి మా పిల్లలకు చేతబడి చేసింది. వారిని మంత్రంతో కట్టిపడేసింది. రోజుకు పది మంత్రాలు నేర్పుతోంది. ఆమెకు పూర్తిగా పూనకం పట్టింది. వెంటనే కఠినమైన చర్య తీసుకోవాలి."

చెన్నప్పకు మొదట ఇంకెవరి అర్జీయో చదువుతున్నారనిపించింది. తన పేరు వినబడింది కాబట్టి అదీ కాదు.

మల్లీశ్వరి ఆయన వైపు తిరిగింది. "చెన్నప్పన్నా, ఇది మీరు రాసినారా?" అంది, మెల్లగా.

"నేనే మేడం. కానీ నేను..."

"మూడేండ్లు నేను చేసింది ఇదా అన్నా?"

అంతకంటే పెద్ద కష్టం అప్పుడు జరిగింది. గడపలో నిలబడిన ఒక తల్లి, తన చేయి పట్టుకుని ఉన్న కూతురిని తెలియకుండానే వెనక్కి లాక్కుంది. మంచి చెప్పడానికి వచ్చిన మనుషులే ఒక అడుగు వెనక్కి వేశారు. వాళ్లకు చెడ్డ బుద్ధి లేదు. ఆ మాట అలాంటిది. ఒకసారి గాలిలో పడితే ఎవరి మీద వాలుతుందో తెలియదు, వాలితే దులిపినా పోదు. మల్లీశ్వరి అది చూసింది. బల్ల మీద ఉన్న తన సంచీ తీసుకుని భుజానికి తగిలించుకుంది. "శనివారం దాకా ఎందుకు సార్. ఈ రోజే పోతాను," అంది.

చెన్నప్పకు మూడుసార్లు పరీక్ష తప్పినప్పుడు కూడా అంత సిగ్గు వేయలేదు. అప్పుడు నష్టపోయింది తానొక్కడే.

"సార్, ఆ కాగితం ఒకసారి ఇటియ్యండి," అని వెనక నుంచి గొంతు వినబడింది. చిన్నక్క చేతిలో పప్పు గరిటెతో జనాన్ని తోసుకుంటూ లోపలికి వచ్చింది. గరిటెను బయ్యన్నకు పట్టమని ఇచ్చి, చేయి కొంగుకు తుడుచుకుంది.

"నీకు ఇంగ్లీషు వస్తుందా అమ్మా?" అన్నాడు జయరాం.

"వంటగది కిటికీ ఈ గదిలోకే ఉండాది సార్. పప్పు ఉడికేంతసేపూ ఏం చేయల్ల? మూడేండ్లుగా ఇంటాండా."

ఆమె కాగితాన్ని దూరంగా పట్టుకుని, పెదవులు కదిలిస్తూ, వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది. చెన్నప్ప చూస్తూ నిలబడ్డాడు. పద్దెనిమిదేళ్లుగా తన ఇంట్లో ఉన్న మనిషి ఇంగ్లీషు చదువుతోంది. అది కూడా తన కంటే వేగంగా.

"ఈయనకు తేడా తెలీక అన్నీ ఒకటే అనుకున్నాడు సార్," అంది చివరికి. "ఛార్మ్ అంటే మనిషి మాట మంచిగా ఉండి, నగుమొగం చూస్తే మన మనసు అటు పోతాది కదా, అది. దాంట్లో ఏం మాయ లేదు. ఫాసినేట్ అంటే చూపు తిప్పుకోలేం. పామును చూసిన కప్ప మాదిరి. ఇష్టమో భయమో తెలీదు, చూస్తానే ఉంటాం. ఎన్‌చాంట్ అంటే అంతా సంతోషమే సార్. తొలివాన పడితే మన్ను వాసనకు పని మరిచి వాకిట్లో నిలబడిపోతాం చూడండి, అది. స్పెల్‌బౌండ్ అంటే ఎవురన్నా కథ చెప్తాంటే నోట్లో ముద్ద నోట్లోనే పెట్టుకోని కూచుండేది."

"మరి ఈ మొదటి మాట?"

చిన్నక్క మొగుడి వైపు ఒకసారి చూసింది. "అది మంచికీ వాడతారు, చెడ్డకూ వాడతారు సార్. మొగుడు పెండ్లాంతో ఇంట్లో అంటే మంచిది. ఆఫీసుకు రాసిస్తే ఇదో, ఇట్లయితాది."

"పది మంత్రాలు?"

"అది స్పెల్లింగు సార్. ఇంగ్ ఉండల్ల. ఎవురో తీసేసినారు."

గడప దగ్గర ఆంజి చెప్పుల కోసం వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"పూనకం సంగతి మాత్రం మా మేడం చెప్పలేదు. అది ఈళ్ల సొంతం," అని చిన్నక్క కాగితం తిరిగి ఇచ్చేసింది. తర్వాత బొమ్మను చేతిలోకి తీసుకుని, ఒక్కో సూదినీ ముట్టుకుంటూ ఐ, నోస్, ఇయర్, నీ, హార్ట్ అని చెప్పింది. కిటికీ అవతల ఆడుకుంటున్న పిల్లలు అలవాటు కొద్దీ ప్రతి మాటనూ గట్టిగా తిరిగి అన్నారు.

మల్లీశ్వరి సంచీ భుజం మీద నుంచి జారింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. "చిన్నక్కా, ఎంతవరకు ఇన్నావు?"

"తొమ్మిది దాకా అయింది మేడం. పదో తరగతి గది ఆ పక్క ఉండాది, ఈడికి ఇనపడదు."

చెన్నప్ప టీచరు ముందుకు వచ్చి నిలబడ్డాడు. "తప్పయిపోయింది మేడం. మిమ్మల్ని ఈడనే పెట్టుకోవల్లనే రాసినా. నాకు తెలిసిన మంచి మాట అదొకటే. దాని ఇంగ్లీషు ఇట్లుంటాదని తెలీలేదు."

మల్లీశ్వరి జయరాం చేతిలోని కాగితం వైపు తొంగి చూసింది. "బివిచ్డ్‌కు స్పెల్లింగు మాత్రం తప్పు పోలేదన్నా," అంది. గడపలో నిలబడిన తల్లి కూతురి చేయి వదిలింది. ఆ పిల్ల నేరుగా వచ్చి టీచరు పక్కన నిలబడింది.

జయరాంకు ఛాతీ మీద నుంచి రాయి దిగినట్లయింది. చేతబడి మీద నివేదిక రాయడం ఎలాగో ఆయనకు పొద్దుటి నుంచి తోచలేదు. "అయితే ఇంకేముంది. ఆరోపణ నిరాధారం అని రాసి ఈ రోజే ఫైలు మూసేస్తాను," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇమ్మానుయేల్ కొట్టలేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"సార్, చిన్న మాట. ఈ రోజు ఫైలు మూసేస్తే ఈమెను నేను శనివారం రిలీవ్ చేయాల. బదిలీల ఉత్తర్వు ఎనిమిదో పేజీలో అడుగున ఉండాది సార్. విచారణ నడుస్తాండే టీచరును, అది పూర్తయ్యే వరకు ఉన్నచోటు నుంచి కదిలించకూడదు."

చప్పట్లు ఆగిపోయాయి. ఎనిమిదో పేజీ అడుగు దాకా చదివినవాడు జిల్లాలో ఇంకొకడు ఉండడని జయరాంకూ తెలుసు. ఊరంతా ఆయన చేతిలో ఉన్న పెన్ను వైపు చూసింది.

"సార్," అన్నాడు చెన్నప్ప, చేతులు నలుపుకుంటూ. "అయితే ఆయమ్మ రవ్వంత చేతబడి చేసిందనే రాసుకోండి."

"చెన్నప్పన్నా," అంది మల్లీశ్వరి.

"అబద్ధం రాయడం నాకు చేతకాదు," అన్నాడు జయరాం. కుర్చీలో కూర్చున్నాడు. అర్జీని మళ్లీ బల్ల మీద పరిచాడు. మొదటి లైను మీద వేలు పెట్టాడు. తర్వాత తల ఎత్తి, "చిన్నక్కమ్మా, ఇంతకూ ఈ మాట మంచిదా, చెడ్డదా? ఒక్క మాటలో చెప్పు," అన్నాడు.

"రెండూ సార్. ఎవురు ఎవుర్ని అంటాండారో దాన్ని బట్టి."

"అంటే నువ్వూ నేనూ ఇక్కడ కూర్చుని తేల్చేది కాదు."

చిన్నక్క ఆయన ముఖం చూసింది. ఆ ముఖంలో ఏమీ లేదు. "ఎట్ల తేలుతాది సార్. పెద్ద సదువులోళ్లు చెప్పల్ల."

జయరాం తల ఊపి, పెన్ను మూత తీసి, అక్షరం అక్షరం చదువుకుంటూ రాశాడు. సాక్షులను విచారించడమైనది. ఫిర్యాదులోని మొదటి వాక్యమందలి ముఖ్య పదమునకు పరస్పర విరుద్ధమైన అర్థములున్నట్లు తెలియవచ్చినది. సదరు పదము యొక్క సరియైన అర్థమును ఇంగ్లీషు సబ్జెక్టు నిపుణులు నిర్ణయించువరకు విచారణ ముగించుటకు వీలులేదు. కింద సంతకం చేసి, తేదీ వేశాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ పూట ఆయన బడిలోనే పిల్లలతో పాటు పప్పన్నం తిని, రెండోసారి అడిగి వేయించుకుని వెళ్లాడు.

శనివారం వచ్చింది, పోయింది. బదిలీల గడువు ముగిసింది. మల్లీశ్వరి బయమ్మ ఇంట్లోనే ఉంది. తెల్లారుజామున పిల్లలు గుండ్రంగా కూర్చోవడం మానలేదు. వాళ్ల వెనక, గోడకు ఆనుకుని, పదో తరగతి పాఠాల కోసం చిన్నక్క కూడా కూర్చుంటోంది. ఆ వేళకు ఇంట్లో పొయ్యి అంటించే పని చెన్నప్పది అయింది. ఆయన దాని గురించి ఎవరికీ అర్జీ పెట్టలేదు.

ఫైలు మాత్రం ఊరికే ఉండలేదు. జిల్లా ఆఫీసులో ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి, అక్కడి నుంచి పై ఆఫీసుకూ వెళ్లింది. ఆ పదం అర్థం నిర్ణయించగల అర్హత ఎవరికి ఉందో చూడండి అని పై ఆఫీసు కింది ఆఫీసును అడిగింది. కింది ఆఫీసు మండలాలవారీ జాబితా తెప్పించింది. చెలిమపల్లి ఉన్న మండలంలో ఇంగ్లీషులో ఎం.ఏ. చదివిన టీచరు ఒక్కరే ఉన్నారని తేలింది. ఆగస్టు చివర్లో చెలిమపల్లి బడికి ఒక కవరు వచ్చింది. ఇమ్మానుయేల్ దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి చుక్క వరకు రెండుసార్లు చదివి, మల్లీశ్వరి చేతికి ఇచ్చాడు. సదరు పదమునకు సరియైన అర్థమును క్షుణ్ణంగా ఆలోచించి నిర్ణయించి నివేదిక పంపగలరు అని అందులో ఆమెను కోరారు.

గడువు ఏదీ రాయలేదు కాబట్టి, ఆమె ఇంకా ఆలోచిస్తూనే ఉంది.